రైల్లో అడిగిన దీవెన

మెల్‌బోర్న్‌లో మా అమ్మాయితో కలిసి క్రాన్‌బర్న్ రైలెక్కాను. ఎదురు సీట్లో ఫిలిప్పీన్స్ పిల్ల. ఆ రోజే ఆస్ట్రేలియా పౌరురాలిగా ప్రమాణం చేయబోతోందట, ముఖంలో మాత్రం దిగులు.

“మా ఊళ్ళో అమ్మ ఎవరికి వెయ్యమంటే ఇంటిల్లిపాదీ వాళ్ళకే ఓటేసేవాళ్ళం, ఆంటీ. ఇక ఇక్కడా ఓటెయ్యాలి, నాకెవరు చెబుతారు?” అంది. మా అమ్మాయి ఆ మాటలు తెలుగులో చెప్పింది.

“నాకూ మా ఆయనే చెప్పేవాడు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నా. ఇప్పుడు పేర్లు నేనే చదువుకుని వేస్తున్నా,” అన్నాను.

మా అమ్మాయి అది ఇంగ్లీషులో చెప్పగానే ఆ పిల్ల నవ్వింది. దిగేముందు వంగి, నా చెయ్యి తీసుకుని తన నుదుటికి ఆనించుకుంది. నేను తెల్లబోయాను.

“వాళ్ళు పెద్దల దీవెన అలాగే తీసుకుంటారమ్మా,” అంది మా అమ్మాయి.

వాళ్ళమ్మ చెయ్యి అందని చోట నా చెయ్యి కోరుకున్నందుకు కళ్ళు చెమర్చాయి.

“నీకు నచ్చినవాళ్ళకే ఓటెయ్యి తల్లీ,” అని దీవించాను.