దొరగారి చేదు, బుల్లెమ్మ ఐసు

గిలకలదిండి నరసింహం నాలుకని ఇంగ్లండులో ఓ బీరు కంపెనీ వాళ్లు ఇన్సూరెన్సు చేయించారని బందరంతా చెప్పుకుంటారు. ఆ కాగితం చూసినవాళ్లు లేరు, చదివినవాళ్లు అసలే లేరు. అయినా కోనేరు సెంటర్లో టీ తాగే ఏ మనిషినడిగినా, ఆ పాలసీ మీద ఎర్ర సీలు ఏ మూల ఉందో కూడా చెబుతాడు. అందుకే నరసింహం టీ చల్లారిందాకా ముట్టుకోడట. పక్కింట్లో మిరపకాయలు వేయిస్తుంటే నోటికి తువ్వాలు కట్టుకుంటాడట. పాలసీ రద్దయిపోతుందని భయమట. నేనైతే ఒక్క ముక్క నమ్మలేదు. నమ్మకుండానే ఓ పాతికమందికి చెప్పాను.

నరసింహం ఓడల్లో వంటవాడుగా పనిచేశాడు. ఇంట్లో అందరూ వేటకెళ్లే వాళ్లే. ఇతను మాత్రం పడవెక్కితే చాలు, తీరం కనపడుతుండగానే పేగులు బయటికొచ్చేలా కక్కేవాడు. పెద్ద ఓడ అయితే ఊగదని ఎవరో చెబితే నమ్మి, విశాఖపట్నం పోయి సరుకుల ఓడలో వంటగది పనికి కుదిరాడు. అదీ ఊగింది. కానీ అప్పటికే ఉద్యోగం వచ్చేసింది. ఇక్కడ అతని భార్య బుల్లెమ్మ హార్బరులో వేలంలో చేపలు పాడుకుని, ఐసు పెట్టెల్లో సర్ది, అటు దివిసీమకీ ఇటు గుడివాడకీ పంపే వ్యాపారం చేసుకునేది. ఇప్పటికీ ఆవిడే నడిపిస్తోంది.

తొంభై అయిదులో, మన రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చి మగాళ్లంతా మొహాలు వేలాడేసుకు తిరుగుతున్న రోజుల్లో, నరసింహం ఇంగ్లండులో ఉత్తరాన ఓ రేవులో ఓడ మెట్ల మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. చేతిలో నూనె మూకుడుందనీ, పడ్డాక కూడా చుక్క ఒలకలేదనీ అంటారు. ఓడ అతనికోసం ఆగలేదు. ఆస్పత్రి వాళ్లు కట్టు కట్టి, ఓడ కంపెనీ ఏజెంటు ఇంటికి టిక్కెట్టు పంపేదాకా ఎక్కడైనా ఉండమన్నారు. ఆ ఎక్కడైనా అనేది ఎక్కడో తెలీక, చంకకర్రల మీద గుమ్మంలో నిలబడి వణుకుతున్న మనిషిని హెరాల్డు అనే ఆయన చూశాడు. ఆ పక్కవీధిలోనే ఆయనకి బీరు కాచే చిన్న ఫ్యాక్టరీ ఉంది. పెద్ద కంపెనీ కాదు. మన పెళ్లివంటల పందిరంత ఉంటుందట. పీపాలు మోసే బండిలో నరసింహాన్ని ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోయి, చలికాలమంతా ఉంచుకున్నాడు. అన్నం పెట్టాడు, తన ఉన్నికోటు ఇచ్చాడు. మన మనిషికి చలి ఎంతంటే, మాట్లాడితే మాటలు గడ్డకట్టి కింద పడేవట.

మొదటిరోజే హెరాల్డు గ్లాసు నిండా ఎర్రగా ఏదో పోసి ఇచ్చాడు. నురగ పెద్దగా లేదు, చల్లగానూ లేదు, వాసన చూస్తే ఏదో ఆకు. విరిగిన కాలికి కషాయం అనుకున్నాడు నరసింహం. ముక్కు మూసుకుని, కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో మింగేసి, చాలా బాగుందండీ, థాంక్యూ అన్నాడు. హెరాల్డు నవ్వలేదు. ఖాళీ గ్లాసు తీసుకుని, రుచి చూడని దానికి థాంక్యూ చెప్పకు అన్నాడు. మళ్లీ పోశాడు.

అది బిట్టర్ అనే రకం. పేరుకి తగ్గట్టే చేదు. తీగకి పూసే ఏవో పూలు వేసి కాస్తారట. ఎటూ కదల్లేని మనిషి కాబట్టి, నరసింహం పీపాల మధ్య కుర్చీలో కూర్చుని ఆ చేదుని చదువుకున్నాడు. ముందు వాసన. మాడీమాడని పేలాల వాసన, దాని వెనకాల నారింజ తొక్క గిల్లినట్టు. తర్వాత చిన్న గుక్క. గబుక్కున మింగకూడదు, నోట్లో అటూ ఇటూ తిరగనివ్వాలి. తియ్యదనం ముందొచ్చి పలకరించి వెళ్తుంది. చేదు చివర్లో వస్తుంది, వచ్చి కూర్చుంటుంది, చిక్కటి డికాషను తాగాక నాలుక వెనకాల ఉండిపోయినట్టు. ఐసులో పెడితే ఈ వాసనలన్నీ ముడుచుకుపోతాయనీ, చల్లటి నేలగదిలో ఉన్నట్టుంటే చాలనీ హెరాల్డు చెప్పాడు. వసంతం వచ్చేసరికి, ఈ పీపాకి పూలు తక్కువయ్యాయని కళ్లు మూసుకుని చెప్పే స్థితికి వచ్చాడట మనవాడు. అక్కణ్ణించే పుట్టింది ఆ ఇన్సూరెన్సు మాట.

టిక్కెట్టు వచ్చింది, నరసింహం ఇంటికొచ్చాడు. మళ్లీ ఓడెక్కలేదు. నిషేధం ఎత్తేశాక ఇక్కడి బీరు కొని చూశాడు గానీ అతనికి నచ్చింది ఒక్కటీ లేదు. అయినా ఎప్పుడైనా ఒక సీసా తెచ్చి, మంచినీళ్ల కుండ కింద తడిఇసుకలో పాతిపెట్టి, సాయంత్రం తీసి, సగం గ్లాసు పోసుకుని, హెరాల్డు గారి పేరు చెప్పి తాగేవాడు. దేవుడికి దణ్ణం పెట్టినా అంత నిష్ఠగా పెట్టడని బుల్లెమ్మ దెప్పేది.

రెండు వేల మూడులో, చలికాలంలో, ఆ హెరాల్డు బందరు వచ్చాడు. నిజంగానే వచ్చాడు. గుడివాడ స్టేషన్లో బండి ఆగినప్పుడు అరటిపళ్లకోసం దిగి, బండి కదిలితే పరిగెత్తి ఎక్కాడనీ, ఎక్కించడానికి సగం ప్లాట్‌ఫారం సాయం పట్టిందనీ విన్నాను. కోనేరు సెంటర్ దగ్గర లాడ్జిలో దిగాడు. డెబ్బై దాటిన మనిషి, తాటిచెట్టంత పొడుగు. బుల్లెమ్మ లెక్కలో రెండు తాటిచెట్లు.

నరసింహం లాడ్జికి పరిగెత్తాడు. హెరాల్డు పెట్టె తెరిచి, చొక్కాల మధ్య చుట్టి తెచ్చిన మూడు సీసాలు బయటపెట్టాడు. తర్వాత తలుపు వేసి అసలు సంగతి చెప్పాడు. రెండేళ్ల కింద జ్వరం వచ్చి తగ్గాక ఆయనకి రుచీ వాసనా పోయాయి. ఉప్పూ పంచదారా ఒకటే. ఫ్యాక్టరీని ఇప్పుడు ఆయన కూతురు చూసుకుంటోంది. ప్రతి పీపా నుంచీ మొదటి గ్లాసు తండ్రికే తెచ్చిస్తుంది. ఆయన తాగుతాడు, కాసేపు ఆగుతాడు, తల ఊపుతాడు. ఆ తల ఊపుడు మీదే పీపా బయటికి వెళ్తుంది. ఆయన నోట్లో మాత్రం నీళ్లు తాగినట్టే. కూతురికి చెప్పే ధైర్యం లేదు. తన బిట్టర్ ఇంకా బతికి ఉందో లేదో తెలుసుకోవాలి. అక్కడ ఎవర్నడిగినా సంగతి బయటపడుతుంది. అందుకని సముద్రాలు దాటి, తను నేర్పిన నాలుకని వెతుక్కుంటూ వచ్చాడు.

నరసింహం నాలుక మీద ఎనిమిదేళ్లుగా ఆవకాయా, కారప్పొడీ, ఎండుచేపల పులుసూ నడిచాయి. అయినా సరేనన్నాడు. ప్రయాణంలో అడుగున ఉండాల్సిన మడ్డి పైకి లేచి ఉంటుంది, పొద్దుటిదాకా నిలబెట్టి ఉంచాలని, సీసాలు ఇంటికి తెచ్చి కుండ కింద తడిఇసుకలో గుచ్చాడు. ఆ పూట మజ్జిగన్నమే తిన్నాడు, ఉప్పు లేకుండా.

ఇక బుల్లెమ్మ సంగతి. మా గిలకలదిండిలో ఐసంటే భక్తి. మంచి సరుకు ఏది ఇంటికొచ్చినా ముందు ఐసులోకే పోతుంది. పెళ్లిదండలు ఐసులో పెడతారు, మల్లెపూలు పెడతారు, కంటిమందు పెడతారు. పరదీప్‌లో ఉన్న కొడుకు వచ్చేదాకా ఓ పెద్దాయన్ని కూడా పెట్టారు. అలాంటి చోట, అంత దూరం నుంచి వచ్చిన దొరగారి సీసాల్ని మొగుడు ఇసుకలో పూడ్చేసరికి బుల్లెమ్మకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే నరసింహం లాడ్జికి వెళ్లగానే, సీసాలు తీసి శుభ్రంగా కడిగి, గుడివాడ వెళ్లాల్సిన వంజరం పెట్టెలో, ఉప్పు కలిపిన ఐసు కింద పెట్టింది. మామూలు ఐసు కాదు, చేపల్ని రాయిలా చేసే ఐసు. నరసింహం దొరగారికి ముందు హార్బరంతా చూపించి, ఎండెక్కాక ఇంటికి తెచ్చాడు. కుండ కింద సీసాలు లేవు.

“ఏవే, సీసాలేవి?” అన్నాడు.

“భద్రంగా ఉన్నాయిలే. మహారాజులా చల్లబడుతున్నాయి,” అంది బుల్లెమ్మ, పెట్టె మూత తీస్తూ.

రెండు సీసాలు పగిలిపోయి ఉన్నాయి. బీరు గడ్డకట్టి, వంజరాల మధ్య ఎర్రటి గాజుముక్కల్లో నిలబడింది. మూత దగ్గరగా ఉన్న మూడోది మాత్రం పగల్లేదు. నరసింహం తిట్టలేదు. ఆ మనిషి మొహం చూసి, తిట్టినా బాగుండేదని బుల్లెమ్మ నాతో అంది. ఆవిడకి ఏడుపొచ్చింది.

“దొరగారికి వేడిబీరు పోస్తే నా పరువేం కావాలయ్యా? నువ్వు ముందే చెప్పి ఏడవొచ్చుగా,” అంది.

హెరాల్డుకి ఆ మాటలు అర్థం కాలేదు గానీ పెట్టె అర్థమైంది. ఆయన వంగి చూసి, గాజుముక్క ఒకటి తీసి, బుల్లెమ్మ భుజం తట్టాడు. తన పెళ్లయిన కొత్తలో భార్య ఆయన మొదటి పీపాని పొయ్యి పక్కన పెట్టి పులిసి పాడయ్యేలా చేసిందని చెప్పాడట. నరసింహం తెలుగులో చెబితే బుల్లెమ్మ కళ్లు తుడుచుకుని, అయితే దొరసాని కూడా మన మనిషే అంది.

మిగిలిన సీసాని బుల్లెమ్మ రెండు స్టీలు గ్లాసుల్లోకి వంచబోతే, గాజువి కావాలన్నాడు నరసింహం. పక్కింటి తాతమ్మ దగ్గర్నుంచి రెండు గాజుగ్లాసులు తెచ్చారు. పోస్తే బీరు మబ్బుపట్టిన ఆకాశంలా ఉంది. వాసన లేదు. ఎలా ఉంటుంది మరి, ఐసు దాని గొంతు నొక్కేసింది. ఎండలో పెడదామంది బుల్లెమ్మ. వద్దన్నాడు నరసింహం. ఎండలో పెడితే పాడవుతుంది. ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని, గ్లాసుల్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, పిచ్చికలు గుడ్లని పొదిగినట్టు పొదిగారు.

అలా ఎంతసేపు కూర్చున్నారో మరి. నేనైతే సంవత్సరం అని చెబుతుంటాను. చేతులు ఖాళీ లేవు, తాగడానికి లేదు, మాట్లాడుకోవడం తప్ప పనిలేదు. ఎనిమిదేళ్లుగా గొంతులో ఇరుక్కున్నది అప్పుడు బయటికొచ్చింది నరసింహానికి.

“ఆరోజు ఆస్పత్రి గుమ్మంలో నన్ను దాటుకుని ఎంతమంది వెళ్లారో నాకు తెలుసండీ,” అన్నాడు. “మీరొక్కరే ఆగారు. ఎందుకు ఆగారో ఇవాళ్టిదాకా అడగలేదు.”

“నువ్వు అడ్డంగా నిలబడ్డావు. పీపాల బండి పోలేదు,” అన్నాడు హెరాల్డు.

ఇద్దరూ నవ్వారట. నవ్వి, ఇద్దరూ చెరోవైపు చూశారట.

ఈలోగా గ్లాసులో మబ్బు విడిపోయింది. అడుగు నుంచి పైదాకా తేటపడి, చిలకలపూడిలో అప్పుడే బంగారు పూత వేసి తీసిన గొలుసులా మెరిసింది. నరసింహం వాసన చూశాడు. పేలాలు వచ్చాయి, నారింజ తొక్క వచ్చింది. నాలుక చచ్చిపోలేదు. చిన్న గుక్క వేసుకున్నాడు, తిరగనిచ్చాడు, మింగాడు, చేదు కోసం ఆగాడు. మళ్లీ ఇంకో గుక్క. హెరాల్డు తన గ్లాసు ముట్టుకోలేదు. నరసింహం మొహమే చూస్తున్నాడు, డాక్టరు మొహం చూసినట్టు.

అంతా అదే అండీ, ఏమీ మారలేదు అనడం ఎంత సులువు. ముసలాయన సంతోషంగా రైలెక్కేవాడు. బుల్లెమ్మ కూడా అదే అనమని వెనక నుంచి సైగ చేసింది. నరసింహం గ్లాసు కింద పెట్టాడు.

“ఇది మీ బిట్టర్ కాదండీ,” అన్నాడు.

హెరాల్డు భుజాలు జారిపోయాయి. “పాడైందా?”

“పాడవలేదు. మీ చేదు వచ్చి కూర్చునేదండీ, లెమ్మన్నా లేచేది కాదు. ఈ చేదు వచ్చి, మొహం చూపించి, లేచి వెళ్లిపోతోంది. వెళ్తూ వెళ్తూ ఇంకో గుక్క అడగమంటోంది. ఇది మీ అమ్మాయిది. చాలా బాగుంది. మీకంటే బాగుందని అనను గానీ, మీకు తీసిపోదు.”

హెరాల్డు తన గ్లాసెత్తి మొత్తం తాగాడు, నీళ్లలా ఉన్నా సరే. ఇన్నాళ్లూ నేను నా బీరుకే తల ఊపుతున్నాననుకున్నాను, మా అమ్మాయి బీరుకి ఊపానన్నమాట అన్నాడు. అంటూ నరసింహం చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఆయన కళ్లల్లో వచ్చిన నీళ్లతో మా వీధి కాలువ పొంగిందని నేనంటే కొంతమంది ఒప్పుకోరు.

ఆ సాయంత్రం బుల్లెమ్మ వంజరం వేపుడు పెడితే, రుచి తెలీకపోయినా మూడుసార్లు వడ్డించుకున్నాడట. మర్నాడు రైలెక్కేముందు నరసింహాన్ని ఒక్కటే అడిగాడు. నా నాలుక సంగతి నా కూతురికి నా నోటితోనే చెప్పాలి, అందాకా ఎవరికీ తెలియనివ్వకు అని. నరసింహం చేతిలో చెయ్యేసి చెప్పాడు. చెప్పి వచ్చి బుల్లెమ్మకి చెప్పాడు. బుల్లెమ్మ వంజరం కోస్తూ నాకు చెప్పింది. నేనెవరికి చెబుతాను? చెప్పినా, ఆ దొరగారి ఊళ్లో తెలుగు చదివేవాళ్లెవరున్నారు?

కానీ నాకో పీకులాట మిగిలింది. ఆయన కూతురికి చెప్పాడా లేదా? మొన్న చేపలకోసం వెళ్లినప్పుడు నరసింహం ఒక్కడే పెట్టె కడుగుతున్నాడు. ఆ హెరాల్డు గారు ఇంటికెళ్లి కూతురితో మాట్లాడారా అన్నయ్యా, అని మామూలుగా అడిగాను.

“ఏ హెరాల్డు?” అన్నాడు.

“నీకు కాలు విరిగితే ఇంట్లో పెట్టుకున్నాయన. మీ అరుగు మీద కూర్చుని గ్లాసు పొదిగినాయన.”

నరసింహం పెట్టె బోర్లించి, కుంటుకుంటూ అవతలికి జరిగాడు.

“నా కాలెప్పుడూ విరగలేదు చెల్లెమ్మా. నేను ఓడెక్కిందీ లేదు, ఇంగ్లండు చూసిందీ లేదు. బీరు వాసనే నాకు పడదు. మా అరుగు మీద ఏ దొరా కూర్చోలేదు. బుల్లెమ్మ ఏదో కలగని చెప్పుంటది, నువ్వు దానికి తోకలు తగిలించుంటావు. ఎవరన్నా అడిగితే ఇదే చెప్పు. ఆయన నాలుకకేమీ కాలేదు. అసలు ఆయనే లేడు.”