మధ్యముక్కకు ఎదురుచూడని మా వదిన

పేకాటలో మధ్యముక్క కోసం ఎదురుచూసేవాళ్లను చూస్తే మా వదిన సీతారత్నానికి ఒళ్లు మండుతుంది. ఏడు, ఎనిమిది, పది, జాకీ కుదిరి, నడుమ తొమ్మిది రాకపోతుందా అని ఆశగా కూర్చున్నవాడిని ఆవిడ మనుషుల్లో జమకట్టదు.

"పేక మొత్తంలో తొమ్మిదులు నాలుగేనయ్యా! నీకు కనపడని ముక్కలు నలభై ఆరు. నాలుగు తేల్చేవి, నలభై రెండు ముంచేవి. ఏం చూసుకుని కూర్చున్నావు?" అని నిలదీస్తుంది.

ఈ బుద్ధి పేకతో వచ్చింది కాదు. ఆవిడ ముప్పై రెండేళ్లు సికింద్రాబాద్‌లో రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో పనిచేసింది. ఎవరైనా ఫారం చాపితే చాలు.

"వెయిటింగ్ లిస్టు పద్దెనిమిది. మంగళవారం ఈ బండికి తొమ్మిదికి మించి కదలవు. బస్సెక్కు బాబూ."

"ఇవ్వండి మేడం, లక్కుంటే అదే కన్ఫర్మ్ అవుతుంది."

"లక్కు అనే బండి ఈ స్టేషన్‌కు రాదు!"

వెనక లైను గేటు దాటి రోడ్డెక్కేది. ఆవిడ చెప్పిన అంకె ఏనాడూ తప్పలేదని స్టేషన్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లు చెప్పుకోకపోయినా మరిదిని నేనున్నాను, చెప్పడానికి.

రిటైరయ్యాక మల్కాజ్‌గిరిలో వాళ్లింటి హాల్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం పోకర్. తలో రెండు ముక్కలు చేతిలో, అయిదు ముక్కలు ఒక్కొక్కటిగా అందరి మధ్యా తెరిచి. పందెం చింతపిక్కలు. మొదట్లో రెండేసి, చివర్లో నాలుగేసి, అంతకు మించి వేయడానికి వీల్లేదు. "పందానికి కట్టుబాటు ఉంటేనే లెక్క నిలబడుతుంది" అంటుంది వదిన. ఆడేది ఆవిడ, నేను, పక్కింటి భద్రయ్య, ఆయన భార్య శారదమ్మ.

భద్రయ్య బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఒక దుకాణానికి హర్రాజు వేసే మనిషి. నిరుడు పక్షవాతం వచ్చింది. చెయ్యి, కాలు కుదుటపడ్డాయి గాని మాట రెండు ముక్కలకు పడిపోయింది. దసరా వెళ్లేసరికి పనిలోకి రాకపోతే వేరేవాణ్ని పెట్టుకుంటానని సేటు కబురంపాడు. పాతికేళ్లు గొంతుతో బతికిన మనిషి, గడపలో కూర్చుని వీధి చూస్తూ ఉండేవాడు. చివరికి వదినే వెళ్లి ఆటకు లాక్కొచ్చింది.

ఆ వారమే ఆవిడ కొత్త రూలు పెట్టింది. ఆడాలన్నా, ప్యాక్ చేసి తప్పుకోవాలన్నా ముందు లెక్క పైకి చెప్పాలి. నడుమ పోగైన గుట్టలో పిక్కలెన్ని, తనకు ఏ ముక్క కావాలి, ఆడొచ్చా ఆడకూడదా, అన్నీ. ముంచే ముక్కలు తేల్చేవాటికి ఎన్ని రెట్లున్నాయో, వేసే పందానికి గుట్ట కనీసం అన్ని రెట్లుంటేనే ఆడాలని ఆవిడ సూత్రం.

"వదినా, నాకు తొమ్మిది కావాలని నేనే అరిస్తే నా చేతిలో ఏముందో అందరికీ తెలిసిపోదూ?"

"తెలియనీ. దాచుకోడానికి అవేమన్నా బంగారమా? చెప్పు, గుట్టలో ఎన్ని?"

"పద్దెనిమిది."

"గట్టిగా!"

చేతిలో ముక్కలు చాటింపు వేసుకుని ఆడే పోకర్ భూమ్మీద ఇదొక్కటే అయి ఉంటుంది. రైల్వే క్లబ్బులో మూడేళ్లు వరసగా కప్పు గెలిచిన మా వదిన, ఆసుకూ ఆటీనుకూ తేడా తెలియని శారదమ్మ చేతిలో ఓడిపోవడం మొదలైంది. ఆవిడకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

భద్రయ్య వంతు వస్తే టీ చల్లారిపోయేది. "ఇ... ఇర్..." అని పెనుగులాడేవాడు. ఒకరోజు చూడలేక నేను "ఇరవై" అని అందించాను.

"యుగంధర్! ఆయన వంతులో నువ్వు నోరు తెరిస్తే మళ్లీ ఈ గుమ్మం తొక్కకు!"

యాభై ఎనిమిదేళ్లవాణ్ని. ముఖం ముడుచుకుని మంచినీళ్ల నెపంతో వంటింట్లోకి పోయాను. వెనకాలే శారదమ్మ వచ్చింది.

"గుస్సా కాకు తమ్మీ. రోజూ అంకెలు గట్టిగ చెప్పియ్యమన్నడు డాక్టర్. ఇంట్ల మస్తు బతిమాలిన. చిన్నపోరని లెక్క నాతోటి చదివిస్తరా అని అసలు నోరే తెర్వలే. అక్క గీ రూల్ పెట్టినంక, అందరు చెప్తుండ్రు గదా అని ఆయన సుత చెప్తుండు."

సిగ్గేసింది నాకు. వెంటనే చెప్పలేనంత గర్వమేసింది. ఒక మనిషి నోట అంకె పలికించడానికి, ప్రాణంగా ఆడుకునే ఆటను మా వదిన చేజేతులా పాడుచేసుకుంది. వెళ్లి కూర్చుని, అడగకుండానే నా ముక్కలు వీధికి వినపడేలా అరిచాను.

దసరాకు ముందు ఆదివారం. నాలుగు ముక్కలు తెరిచి ఉన్నాయి, చివరిది రావాలి. వదిన నాలుగు పిక్కలు వేసింది, నేనూ వేశాను, శారదమ్మ ప్యాక్ చేసింది. భద్రయ్య గుట్టవైపు చూశాడు. పెదవులు కదిలాయి.

"గుట్టల... ఇర్వై నాల్గు. నాకు తొమ్మిది గావాలె. అవి నాలుగే. నాలుగు పిక్కలేసి ఆడాల్నంటే గుట్టల నల్బై రెండుండాలె. లేవు. ప్యాక్!"

ముక్కలు బోర్లా పెట్టేశాడు. వదిన చివరి ముక్క తెరిచింది. కళావరు తొమ్మిది!

"అయ్యో భద్రయ్యా, ఉంటే గెలిచేవాడివి!" అన్నాను.

"రానీ తమ్మీ," అని పకపకా నవ్వాడు. "నేనాడింది సహీ."

వదిన కొంగు కళ్లకద్దుకుని, చింతపిక్కల దుమ్ము పడిందంది.

దసరా వెళ్లిన మర్నాడు పొద్దున్నే వదినా నేనూ బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లాం. టమాటా బాక్సుల మధ్య భద్రయ్య నిలబడ్డాడు. సేటు చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"మూడొందల నల్బై! మూడొందల... మూడొందల..."

మాట ఆగింది. నేను నోరు తెరవబోయేంతలో వదిన నా కాలు తొక్కింది.

"...యాబై!"

అక్కణ్నించి ఆగితే ఒట్టు. సేటు చేతులు విప్పి పక్కవాడి వీపు చరిచాడు. ఆనందం పట్టలేక వదిన చెయ్యెత్తి భద్రయ్యకు ఊపింది.

"మేడం మూడొందల అర్వై! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! ఆరు బాక్సులు మేడంకే!"

"ఏవయ్యా, నేను నీకు చెయ్యి ఊపానయ్యా!"

"చెయ్యి లేస్తే పాటే అక్కా. హర్రాజుల రూల్ రూలే!"

వదిన డబ్బు లెక్కపెట్టి కట్టింది. ఆటోలో బాక్సుల సందున ఇరుక్కుని నేను గొణిగాను. "నూట యాభై కిలోలు వదినా. ఏం చేస్తావు?"

"పచ్చడి పెడతాను. చూశావా, నాకైనా రూపాయి తగ్గించలేదు!" అంది మురిసిపోతూ.

వదిన వాళ్ల వీధిలో ముప్పై ఇళ్లకు సీసాలు అందాయి. ప్రతి గుమ్మంలోనూ వదిన, "మా భద్రయ్య హర్రాజు వేసి నాకు అంటగట్టిన టమాటాలు" అని చెప్పి మరీ ఇచ్చింది.