మాట వినని తెర

ఆఫీసులో ఆయన్ని అందరూ ముందుచూపుగారు అంటారు. అది పొగడ్త అనుకుని ఆయన చాలాకాలం మురిసిపోయాడు.

ఆయన పనిచేసేది యంత్రాలు నడిపేవాళ్లకి వీడియో పాఠాలు తయారుచేసే కంపెనీలో. తెర మీద ఓ మాస్టారు మాట్లాడుతుంటాడు. పక్కన ఒక ఖాళీ గడి. "ఇదిగో, ఈ మీట చూడండి" అని మాస్టారు వేలు చూపించగానే గడిలో మీట బొమ్మ ప్రత్యక్షం కావాలి. దానంతట అది కాదుగా! ఫలానా క్షణానికి ఫలానా బొమ్మ చూపించు అని వీడియో ఫైలు కడుపులో ముందే ఒక ఆజ్ఞ దాచిపెట్టాలి. అలా దాచే ప్రోగ్రాం రాసిన మహానుభావుడు మన ముందుచూపుగారే. బ్రహ్మ నుదుటి మీద రాస్తే ఈయన ఫైలులో రాసేవాడు. రెండు రాతలూ పైకి కనపడవు.

ఆ రోజుల్లో నెట్టుది నత్తనడక. ఆజ్ఞ అందుకుని బొమ్మ కదిలొచ్చేసరికి మాస్టారు ఇంకో యంత్రం దగ్గరికి వెళ్లిపోయేవాడు. అందుకని ఈయన ప్రతి ఆజ్ఞనీ నాలుగు సెకన్లు ముందే అందేలా జరిపాడు. నెట్టు మరీ నీరసంగా ఉన్నవాళ్ల కోసం కొన్నిటిని ఇంకాస్త జరిపాడు. వేటిని ఎంత జరిపాడో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

తర్వాత నెట్టు పరుగందుకుంది. "ఏ మీట నొక్కాలో చెప్పండి చూద్దాం" అని మాస్టారు అడగబోయే లోపే జవాబు గడిలో కూర్చుని పళ్లికిలించేది. పాఠం విన్నవాళ్లందరికీ నూటికి నూరు! కంపెనీ పొంగిపోయింది. ఆ నూటికి నూరు వచ్చినవాళ్లలో ఒకడు అసలు యంత్రం ముందు నిలబడి, బొమ్మ కోసం కాసేపు ఎదురుచూసి, రాకపోయేసరికి తోచిన మీట నొక్కాడు. మనిషికేం కాలేదు. యంత్రం మాత్రం మళ్లీ లేవలేదు.

"నెలాఖరుకి పాఠాలన్నీ సరిచెయ్యండి" అన్నాడు మేనేజరు. "లేదంటే మీ సీటు సంగతి నన్నడక్కండి."

ఇక ప్రతి పాఠాన్నీ మొదటినుంచీ చివరిదాకా కూర్చుని చూడటం తప్ప దారి లేదు. చూశాడు. అన్నం ముందు కూర్చుని కూడా "ఇప్పుడు ఎర్ర మీట" అని గొణిగేవాడు.

"మీట కాదు, ముద్ద" అనేది ఇల్లాలు. "అది నోట్లో పెట్టుకోండి ముందు."

చివరి ఆజ్ఞ కూడా సరైన చోట పడ్డ రోజున, అదే ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే బావమరిది వచ్చాడు.

"బావా, ఆఫీసంతా కొత్త వీడియో ప్లేయరు పెట్టేశాను."

"నా పాఠాలు నడుస్తాయా?"

"బ్రహ్మాండంగా! కాకపోతే ఫైలు లోపలి ఆజ్ఞల్ని వినదు. దొంగ ఆజ్ఞలు దూరతాయని తయారుచేసినవాళ్లే ఆ దారి మూసేశారు."

"నావి దొంగవి కాదురా!"

"దానికెలా తెలుస్తుంది బావా? అక్కతో మాత్రం ఇది నేను పెట్టానని చెప్పకు."

మర్నాడు మేనేజరు ముందు పాఠం మొదలైంది. మాస్టారు వేలు చూపించాడు. గడి తెల్లగా ఉంది.

"బొమ్మేదండీ?"

"ఫైల్లో ఉంది సార్. ఇప్పుడు సరిగ్గా సమయానికే వస్తోంది. మనకు కనపడటం లేదంతే."

వేదాంతులు ఇలా మాట్లాడతారని మేనేజరు విని ఉన్నాడు గాని, జీతమిచ్చి విన్నది అదే మొదలు.

కొత్త పాఠాలు తీసేదాకా పాతవాటితోనే నెట్టుకు రావాలని తేల్చారు. బొమ్మలన్నీ అట్టల మీద అంటించారు. తెర పక్కన నిలబడి, మాస్టారు అడిగాక ఒక్కొక్క అట్టా ఎత్తి చూపించే పని ముందుచూపుగారికి ఇచ్చారు. సీటు ఇంకొకరికి ఇచ్చారు. నిలబడేవాడికి కుర్చీ ఎందుకన్నారు.

మొదటి తరగతికి హాలు నిండింది. మేనేజరు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెర మీద మాస్టారు అడగడానికి ఊపిరి పీల్చుకున్నాడు.

ముందుచూపుగారి చెయ్యి అప్పటికే పైకి లేచింది.

"ఎర్ర మీట!" అన్నారెవరో వెనక వరసలోంచి.

ఆయన మెల్లగా అట్ట దించాడు. అప్పుడు మాస్టారు ప్రశ్న అడిగాడు.