జహంగీరు ముందుపన్ను

మాచర్లలో పెళ్లి బ్యాండంటే ఆంజనేయులుది, ఆ బ్యాండులో క్లారినెట్ అంటే జహంగీరుది. నాయన దగ్గర సన్నాయి నేర్చుకుని, తర్వాత క్లారినెట్‌కి మారినవాడు. ఊరేగింపు సందు మలుపు తిరక్కముందే ఆ ఊదుడు గుర్తుపట్టి ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చేవాళ్లు.

మాఘమాసం ముహూర్తాలకు ముందు అతనికి కింది దవడపన్ను సలపడం మొదలైంది. భార్య తస్లీమ్ పోరు పడలేక బస్టాండు దగ్గర పళ్ల డాక్టరు పూర్ణిమ దగ్గరికి వెళ్లాడు. నోరు తెరిపించిన డాక్టరమ్మ, సలిపే పన్నును ఒకసారి చూసి, పైన ముందుపన్ను దగ్గర ఆగిపోయింది.

"ఇదేంటి బాబాయ్, కాస్త గులాబీ రంగుకు తిరిగింది?"

"అది నన్నేనాడూ ఇబ్బంది పెట్టలేదమ్మా. వెనకదాని సంగతి చూడు."

"రెండూ ఎక్స్‌రే తీద్దాం."

వైరు తగిలించిన చిన్న పలక నోట్లో పెట్టి తీసింది. అతను మూతి తుడుచుకునేలోపే బొమ్మలు కంప్యూటర్లోకి వచ్చేశాయి. సలిపే పన్ను వేరు నిక్షేపంగా ఉంది, పుచ్చు పూడిస్తే చాలంది. తర్వాత రెండో బొమ్మ పెద్దది చేసింది. పక్కపళ్ల వేళ్లు తెల్లగా, పొడుగ్గా ఎముకలోకి పోయున్నాయి. ముందుపన్నుకు మాత్రం చిగుళ్లు దాటాక ఏదో కొరికేసినట్టు చిన్న మొండి. దాని పైన నల్లటి ఖాళీ.

జహంగీరు కుర్చీలోంచి లేచి కంప్యూటర్ దగ్గరికి వంగి చూశాడు.

"ఇది నా నోరు కాదమ్మా. ఇంకెవరిదో కలిసిపోయింది. మళ్లీ తియ్యి."

ఆమె విసుక్కోకుండా మళ్లీ తీసింది. అదే మొండి. అదే నలుపు.

"ఎప్పుడన్నా దెబ్బ తగిలిందా?"

లేదనబోయి ఆగాడు. ఏనాటిదో గురజాల పెళ్లి. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కూర్చుని ఊదుతుంటే బండి గుంటలో పడింది. క్లారినెట్ వచ్చి పళ్లను గుద్దింది. రక్తం ఉమ్మేసి, అందరితోపాటు తనూ నవ్వాడు. అంతే, మర్చిపోయాడు.

"అప్పట్నుంచీ వేరు లోపల్లోపలే కరిగిపోతోంది. నొప్పి లేకపోబట్టి నీకు తెలియలేదు. ఇక నిలవదు బాబాయ్. తీసేసి కట్టుడుపన్ను పెడదాం. అప్పటిదాకా ఊదకు."

"ఆ పన్ను ఆనించే కదమ్మా నేను ఊదేది!"

ఇంటికెళ్లి తస్లీమ్‌తో పుచ్చు పూడ్చారని మాత్రం చెప్పాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, కంప్యూటర్లో నలుపే కళ్లముందు. ముహూర్తాలయ్యాక తీయించుకోవచ్చులే అనుకున్నాడు.

దాచేపల్లి పెళ్లిలో, పాట మంచి ఊపులో ఉండగా నోట్లో ఏదో కటుక్కుమంది. నొప్పి లేదు. నాలుక మీద రాయిలాంటిది. క్లారినెట్ ఆగిపోయింది.

"ఏందిరా ఆపావు?" డ్రమ్ము వాయిస్తున్న ఆంజనేయులు వెనక్కి తిరిగాడు.

జహంగీరు అరచేయి చాపి చూపించాడు. ఆంజనేయులు చేతిలో పుల్లలు గాల్లోనే నిలిచిపోయాయి. కారులో పెళ్లికొడుకు తల బయటపెట్టి చూస్తున్నాడు.

ఎలా తోచిందో అతనికే తెలియదు. పన్ను జేబులో వేసుకుని, పైపెదవిని లోపలికి మడిచి, ఆ పెదవి మీదే క్లారినెట్ ఆనించాడు. ముందు కీచుమంది. రెండోసారి కింది స్వరం పలికింది. ఆంజనేయులు కళ్లు తుడుచుకుని పుల్ల ఆడించాడు. పాట ఎలాగో ఒడ్డున పడింది.

"ఎక్స్‌రేలో చూసి కూడా నాకు చెప్పలేదా? నేను పరాయిదాన్నా?" అని, ఆ రాత్రి అతను అంతా చెప్పాక తస్లీమ్ తిట్టి, ఏడ్చి, తెల్లారగానే తనే ఆసుపత్రికి లాక్కెళ్లింది.

పూర్ణిమ మిగిలిన మొండి తీసేసి కట్టుడుపన్ను పెట్టింది. జహంగీరు ఇప్పటికీ పెదవి మడిచే ఊదుతాడు. పైస్వరాలు మునుపట్లా అందవు. ఆంజనేయులు పాటల శ్రుతి దించాడు.

అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి ఆగిపోయి, మిగతా పళ్లను ఒక్కొక్కటీ వేలితో కదిపి చూసుకుంటాడు.

"ఉన్నాయిలేవయ్యా, తిను" అంటుంది తస్లీమ్, పప్పు వడ్డిస్తూ.