తోడల్లుడి ఛాతీ కొలత

దర్జీకి యాభై రెండేళ్లు. అతని తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు, పదకొండు నెలలే చిన్న. ఏడాది కిందటిదాకా ఇద్దరి పొట్టలూ ఒకే తీరుగా ఉండేవి. ఆ విషయంలో వాళ్లిద్దరి మధ్యా పైకి చెప్పుకోని స్నేహం లాంటిది కూడా ఉండేది. అంతలో పోస్టాఫీసు గుమాస్తా అయిన ఆ తోడల్లుడు జిమ్ములో చేరాడు.

రోజంతా మిషను ముందు వంగి కూర్చునే మనిషికి నడుం నొప్పి రాక ఏమవుతుంది, మందులతో పనిలేదు, ఒళ్లు కదలాలి అని డాక్టరు దర్జీకి చెప్పాడు.

"మరిదిగారు వెళ్లే జిమ్ము మన వీధి చివరేగా. మీరూ చేరకూడదూ?" అంది భార్య, కాజాలు కుడుతూ.

"నేల అక్కడే ఉందా? మనింట్లో లేదా?"

అలా ఇంట్లోనే మొదలైంది. మంచానికీ కత్తిరింపు బల్లకీ మధ్య చాప పట్టేంత జాగా. చేతులు చాస్తే బీరువా, కాళ్లు చాస్తే మిషను. పది గుంజీళ్లు తీసేసరికి ఎవరో ఒకరు ప్యాంటు పొడుగు తగ్గించమని వచ్చేవారు. రాకపోతే, వచ్చారేమోనని తనే వెళ్లి తలుపు తీసి చూసేవాడు. నాలుగో రోజుకి చాప బీరువా పైకెక్కింది.

ఇల్లే మేలని అతను నమ్మి కాదు. జిమ్ములో నాలుగు గోడలకీ అద్దాలుంటాయట. అన్ని అద్దాల్లోనూ తోడల్లుడి పక్కన తను నిలబడాలి. తలచుకుంటేనే కడుపు మండేది. తోడల్లుడు మెట్లెక్కి వచ్చి ఆయాసం లేకుండా మాట్లాడినా, నీళ్ల డబ్బా ఒంటిచేత్తో లేపి గట్టు మీద పెట్టినా, భార్య ఏమీ అనేది కాదు. అయినా "చూశారా?" అన్నట్టే అతనికి వినిపించేది.

పనిలో మాత్రం అతన్ని వేలెత్తి చూపినవాడు లేడు. ఒంటికి అతికినట్టు కుడతాడని పేరు. ముప్ఫయ్యేళ్లలో ఒక్క బట్ట తిరిగి రాలేదు. బయటివాళ్ల కొలతలు పుస్తకంలో రాసుకుంటాడు, ఇంటివాళ్లవి బుర్రలోనే. ఒకసారి కొలిచాక వాళ్లకి మళ్లీ టేపు పట్టడం అతనికి నామోషీ.

తోడల్లుడికి పై ఉద్యోగం వచ్చింది. శుక్రవారం ఆఫీసులో సన్మానం. చొక్కా గుడ్డ తీసుకుని వచ్చాడు.

"అన్నయ్యా, ఒకసారి కొలత చూస్తావా? కాస్త మారానేమో."

"నీ కొలత నాకు తెలియదా తమ్ముడూ? ఛాతీ ముప్ఫై ఎనిమిది, నడుము నలభై."

ఎదురుగా ఉన్న మనిషి అలా లేడని దర్జీ కళ్లకి తెలుస్తూనే ఉంది. కానీ టేపు చుడితే అంకె పైకి చదవాలి. భార్య పక్కనే కూర్చుని ఉంది. చుట్టలేదు. తర్వాత విప్పి వదులు చేసుకోడానికి కుట్ల లోపల వదలాల్సిన గుడ్డ కూడా, ఏదో కక్ష ఉన్నట్టు, నామమాత్రంగా వదిలాడు.

గురువారం సాయంత్రం తోడల్లుడు చొక్కా తొడుక్కున్నాడు. పైనుంచి రెండో బొత్తాం కాజాకి రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది.

దర్జీ నోటికొచ్చింది అనేశాడు.

"లావెక్కావు తమ్ముడూ. జిమ్ము జిమ్ము అని ఊదరగొట్టావు, ఇదా చివరికి?"

తోడల్లుడు ఊపిరి బిగబట్టి మరోసారి లాగి చూశాడు. భార్యే లేచొచ్చి నడుం దగ్గర చొక్కాని పిడికిట్లో పట్టుకుంది.

"ఇక్కడ ఇంత వదులుంది. పొట్ట వదిలేసి ఛాతీ ఒక్కటే లావెక్కుతుందా ఎవరికైనా?"

తను కుట్టిన చొక్కాయే తన మీద సాక్ష్యం చెబుతోంది. దర్జీ మెడలోని టేపు తీశాడు.

"చేతులెత్తు." టేపు చుట్టి అంకె పైకి చదివాడు. "నలభై రెండు." టేపు కిందికి జార్చి, "నడుము ముప్ఫై నాలుగు. తప్పు నాదే. కొలవకుండా కత్తిరించాను."

ఆ మాట అతని నోట రావడం ముప్ఫయ్యేళ్లలో అదే మొదలు.

"పోనీలే అన్నయ్యా. రేపటికి ఉన్న చొక్కా వేసుకెళ్తా. నీ చెయ్యి సంగతి నాకు తెలీదా?"

ఆ మంచితనం ఇంకా మండించింది. నాలుగు తిట్టినా బాగుండేది, తిట్టించుకున్నవాడిగానైనా ఒక మెట్టు పైన నిలబడేవాడు.

"పాడు చేయడమెందుకు, మీరే వేసుకోండి," అంది భార్య. "మీ ఇద్దరిదీ ఒకటే కొలత అంటారుగా ఎప్పుడూ."

వేసుకున్నాడు. ఛాతీ దగ్గర అచ్చు పోసినట్టు కుదిరింది. కింద పొట్ట మీద బొత్తాం ఎంత లాగినా కాజాని అందుకోలేదు. ఏడాదిలో తోడల్లుడి పొట్ట కరిగి ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది దర్జీకి.

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తోడల్లుడు పెద్దమనిషిలా కిటికీ వైపు తిరిగాడు.

"మీ జిమ్ము ఎన్నింటికి తెరుస్తారు?" అన్నాడు దర్జీ, చొక్కా విప్పుతూ.

"పొద్దున ఐదున్నరకి. నేను ఆరింటికి వెళ్తాను. రా అన్నయ్యా, కలిసే వెళ్దాం."

"అక్కర్లేదు. నేను ఐదున్నరకే వెళ్తా."