నలభై రెండు డిగ్రీల అర

1957 మే 2, గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఆళ్లగడ్డకు రెండు మైళ్ల దూరంలోని ఒక తోటలో మొదటి పన్నెండు బేనిషా, అంటే బంగినపల్లి, మామిడికాయలు కోయించాను. అప్పుడు నేను మద్రాసులోని ఒక ఎగుమతి కంపెనీకి నంద్యాలలో ఫీల్డ్ ఇన్‌స్పెక్టర్‌ని. వయసు ఇరవై తొమ్మిది. నంద్యాల మిషన్ బడి పంతులుగారి కూతురిని, మద్రాసులో రసాయనశాస్త్రం చదివినదాన్ని కాబట్టి ఆ పని నాకిచ్చారు. ఆరు వేల కాయలను ఓడలోని శీతల అరల్లో లండన్‌కు పంపి, తినదగిన స్థితిలో చేరతాయో లేదో తేల్చాలి. సూయజ్ కాలువను అప్పుడే మళ్లీ తెరిచారు. సముద్రం మీద ఇరవై నాలుగు రోజులు.

మాంసాన్నీ చేపలనూ గడ్డకట్టించి పంపుతారు. వాటికి ప్రాణం లేదు, చలి ఎంత ఎక్కువైతే అంత మేలు. పండు అలా కాదు. కోసిన తర్వాత కూడా ఊపిరి తీస్తుంది, వేడి పుట్టిస్తుంది. దాన్ని గడ్డకట్టనీయకుండా, మాగనీయకుండా మధ్యలో నిలపాలి. పైగా ఓడలోని యంత్రం చల్లటి పండును చల్లగా ఉంచగలదు గానీ, ఎండలో కాగిన పండును చల్లార్చలేదు. అందుకని నంద్యాలలో ఒక ఐసు ఫ్యాక్టరీలో మందపాటి గోడల గది అద్దెకు తీసుకున్నాం. ఎంత చలి ఉండాలో కంపెనీ పట్టికలో ఉంది: నలభై రెండు డిగ్రీల ఫారన్‌హీట్.

తోటను గుత్తకు తీసుకున్న మనిషి హుసేనప్ప. అరవై దాటిన వాడు, సంతకం వరకే చదువు. కాయ బాగా చేరితే రాబోయే రెండు కాపులూ తీసుకుంటామని కంపెనీ మాట ఇచ్చింది. ఆ మాట మీద అతడు ఏటా వచ్చే కడప వ్యాపారులను ఆ ఏడు వెనక్కి పంపేశాడు. కాయ చెడితే మరుసటి ఏడు వాళ్లు అతడి తోట ముఖం చూడరు.

కాయ ముదిరిందో లేదో నేను గట్టిదనం కొలిచి చెప్పేదాన్ని. అతడు తొట్టి నీళ్లలో వేసేవాడు. ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది. మూడు రోజులు రెండు పద్ధతులనూ పోల్చి చూసి, నా పరికరాన్ని పెట్టెలో పెట్టేశాను. తొడిమను రెండంగుళాలు ఉంచి కోయించి, సొన కారిపోయేదాకా కాయలను బోర్లించేవాడు. సొన తగిలిన చోట తొక్క మాడుతుంది. కాయలోకి సన్నని థర్మామీటరు గుచ్చి లోపలి వేడి చూస్తుంటే, కోతకు వచ్చిన సుంకమ్మ పక్కనున్న వాళ్లతో అంది: "ఈయమ్మ మామిడికాయలకు జరం చూస్తాందే. కషాయం ఎప్పుడు తాపుతాదో."

మొదటి పన్నెండు కాయలనూ ఐసు గదిలో పది రోజులు ఉంచాను. ఆరు ఐసు దిమ్మెల పక్కన, అక్కడ నలభై రెండు డిగ్రీలు. ఆరు తలుపు దగ్గర, అక్కడ యాభై నాలుగు. మే 12న తీసి చూస్తే పన్నెండూ పచ్చగా, గట్టిగా, కోసిన రోజున్నట్టే ఉన్నాయి. రెండు చోట్లా బాగున్నాయని రాయబోయాను.

హుసేనప్ప ఒప్పుకోలేదు. "ఇప్పుడు చూస్తే ఏం తెలుస్తాదమ్మా? మాగినాక గదా మామిడి. నాకియ్యి, గడ్డిలో పెడతా."

ఐసు పక్కన ఉన్న వాటి తొడిమలకు నల్లదారం కట్టి ఇచ్చాను. మే 19, ఆదివారం, అతడి కొట్టంలో వరిగడ్డి తీసి చూశాం. దారం లేని ఆరూ పసుపు తిరిగి వాసన కొడుతున్నాయి. దారం కట్టినవి బూడిదరంగుకు తిరిగి, తొక్క గుంటలు పడి ఉన్నాయి. కోస్తే లోపల సొరకాయ మాదిరి తెల్లగా ఉంది.

"చలికి చచ్చిండాయి," అన్నాడు. "ఇంగ ఈటిని పట్టుపరుపు మీద పండబెట్టినా మాగవు."

ఆరు కాయలతో ఏదీ తేల్చలేమని అన్నాను.

"ఆరుకు ఆరూ చచ్చినాక ఏడోదాన్ని ఎవుర్నడగాలమ్మా?"

మర్నాడు ఉదయం, నలభై రెండు డిగ్రీల చలికి కాయ చెడుతోందని మద్రాసుకు తంతి ఇచ్చాను. పట్టిక ప్రకారమే నడుచుకోమని సాయంత్రానికి జవాబు వచ్చింది.

20, 21 తేదీల్లో కోత. ఇరవై కాయలకొక పెట్టె చొప్పున మూడు వందల పెట్టెలు. గాలి ఆడటానికి పెట్టె పలకల మధ్య వేలెడు సందు ఉంటుంది. రెండో రోజు చూస్తే ఆడవాళ్లు కాయల వరుసల మధ్య వేపాకు పరిచారు. ధాన్యం గాదెల్లో పురుగు పట్టకుండా వేసే అలవాటు. గాలి సందులు మూసుకుపోయాయి. తీసేయమన్నాను.

"దూరం పొయ్యే బిడ్డను ఉత్త చేతుల్తో పంపుతారామ్మా యాడన్నా?" అంది సుంకమ్మ. గొణుక్కుంటూనే తీసింది. మూడు పెట్టెలు నా కంట పడలేదు.

పెట్టెలను లారీలో ఇరవై ఆరు మైళ్లు నంద్యాలకు తెచ్చి, గదిలో రెండు రోజులు చల్లార్చి, 24న తడి గోనెలు కప్పి మద్రాసుకు బయలుదేరదీశాం. దారి మళ్లీ ఆళ్లగడ్డ మీదుగానే. హుసేనప్ప రోడ్డు పక్కన నిలబడి లారీని ఆపాడు. ఒక పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, "సల్లగుండాయి. పోండప్పా," అని డ్రైవరుకు చెప్పాడు. నా వైపు తిరిగి, "అంకె సరింగ రాయమ్మా," అన్నాడు.

మద్రాసు రేవులో కాయలెక్కించిన ఓడలో శీతల అరలు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాటిని చూసే ఇంజనీరు మలబారు మనిషి, మాట తక్కువ. సరుకు పంపేవాళ్ల ప్రతినిధి కాగితం మీద ఏ అంకె రాస్తే ఆ చలి ఉంచడమే తన పని అని, దానికి బాధ్యత సంతకం పెట్టినవాళ్లదని వివరంగా చెప్పాడు. ఆ ప్రతినిధిని నేనే. రెండు అరలకూ యాభై నాలుగు రాయవచ్చు. నేను పెద్ద అరలో రెండు వందల నలభై పెట్టెలు పెట్టించి యాభై నాలుగు రాశాను. చిన్న అరలో అరవై పెట్టెలు పెట్టించి నలభై రెండు రాశాను. పైవాళ్ల మాట తీసేసినట్టూ ఉండదు, వాళ్లకు రుజువూ దొరుకుతుంది అనుకున్నాను.

ఆ ఇంజనీరు నాలుగు గంటలకొకసారి వేడిమి చూసి రాసిన పుస్తకం నకలు తర్వాత నాకు వచ్చింది. ఇరవై నాలుగు రోజుల్లో ఒక్కో అరకు నూట నలభై నాలుగు నమోదులు. ఏ ఒక్కటీ చెప్పిన అంకెకు ఒక డిగ్రీకి మించి తేడా లేదు. అలాంటి పుస్తకాన్ని నా ఉద్యోగంలో మరొకటి చూడలేదు.

లండన్ నుంచి లెక్క జులై 9న నంద్యాలకు అందింది. ఆ రోజే బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లి హుసేనప్పకు చదివి వినిపించాను. రెండు కాపుల ఒప్పందం ఖాయమైందని కూడా చెప్పాను. అతడు తల ఊపాడు.

"అది సరే. ఆ అరవై పెట్టెలు ఏంటికి చంపితివమ్మా?"

రుజువు కోసమని చెప్పాను.

"రుజువు నా కొట్టంలో చూస్తివి గదా."

 అతడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. 1958, 1959 కాపులకు నన్నే పిలిపించాడు, నేను రెండింటికీ యాభై నాలుగే రాశాను. కంపెనీ పట్టికలోని నలభై రెండు ఏదో చలిదేశపు పండుది అని తర్వాత తెలిసింది.

ఒక అంకెను ఏ పండు మీద కొలిచారో తెలియనంతవరకు అది వినికిడి మాత్రమే. తెలిసిపోయిన విషయాన్ని మరొకరికి చూపడానికి సరుకును ఖర్చు చేయకూడదు. ఆ పనిలో నేను నేర్చుకున్నవి ఈ రెండు.

పంపినవి 6,000. యాభై నాలుగు డిగ్రీల అరలో వేపాకు మిగిలిపోయిన మూడు పెట్టెల్లో పోయినవి 27, తక్కిన పెట్టెల్లో 184. నలభై రెండు డిగ్రీల అరలో 1,200కు 1,200. పోయినవి మొత్తం 1,411. అందులో పోతాయని తెలిసి పంపినవి 1,200.