కమలాంబ రేకు బ్యాడ్జీలు

కమలాంబ మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌కు కాపురానికి వచ్చేనాటికే భర్త ఆదికేశవులు బ్యాడ్జీలు చేసే ప్రెస్సులో పని చేసేవాడు. ఎన్నికలొస్తే రేకు బిళ్లలు గోనెసంచుల్లో ఇంటికి మోసుకొచ్చేవాడు. ముందువైపు నాయకుడి బొమ్మ ప్రెస్సులోనే బిగించేవాళ్లు. వెనక పిన్ను పెట్టడం కమలాంబ పని. ఏ పార్టీదైనా వేళ్లకు ఒకేలా గుచ్చుకునేది. ప్రతి ఎన్నికకూ రకానికొకటి తీసి బిస్కెట్ డబ్బాలో దాచేది.

"నీకెందుకే ఇవి?" అని మొగుడు నవ్వితే, "నేను చేసిండేది నా దగ్గర ఒకటైనా ఉండనీ" అనేది.

ఆయన పోయాడు. ప్రెస్సూ మూతబడింది. 2023 డిసెంబర్ తుపానులో ఇంట్లోకి మోకాటి లోతు నీళ్లొచ్చాయి. మూడోరోజు మంచం కింద నుంచి డబ్బా లాగితే, బొమ్మలన్నీ ఉబ్బిపోయి తుప్పులో కలిసిపోయి ఉన్నాయి.

వాటిని పారేయడానికి మనవరాలు కార్తీక మనసు ఒప్పలేదు. పాత ఎన్నికల వస్తువులు సేకరించే ఆనందన్ మైలాపూరులో ఉన్నాడని తెలిసి, అవ్వను రైల్లో తీసుకెళ్లింది. ఆయన ఓపిగ్గానే చూశాడు.

"మొహాలే లేవు పాట్టీ. ఏది ఎవరిదో ఎట్లా చెప్పేది?" అన్నాడు తమిళంలో.

కమలాంబ ఒక బిళ్లను వెనక్కి తిప్పి, తనూ తమిళంలోనే చెప్పింది. "ఇత్తడి పిన్ను. డెబ్బై ఏడు ఎన్నికలది. ఇనప తీగ ఉంటే ఎనబై. ఎనబై నాలుగులో పిన్నులు దొరక్క గుండుసూదులు వంచి పెట్టినాం."

"కాగితం మీద ఆధారమేదైనా ఉందా?"

లేదు. ఆయన డబ్బా మూతపెట్టి తిరిగిచ్చాడు.

"నువ్వు చెప్పవ్వా, ఫోన్లో రికార్డు చేస్తా" అంది కార్తీక ఇంటికొచ్చాక. ఆ సాయంత్రం పన్నెండు బ్యాడ్జీల సంగతి చెప్పింది కమలాంబ. మర్నాడు వాటిలోదే ఒకటి చేతికిస్తే వేరే ఎన్నిక పేరు చెప్పింది. కార్తీక నిన్నటి మాటలు వినిపించింది. ముసలామె తన గొంతును తానే చాలాసేపు విన్నది.

"రెండూ నేనే అంటిని గదా. ఏది నిజమో నాకే తెలీలా" అంది. "ఇంక చాలు పాపా. ఆపేయ్."

మరుసటి ఏడాది ఎన్నికల్లో కమలాంబ ఓటేసి వచ్చింది. వీధిలో ఎవరి చొక్కాకూ బ్యాడ్జీ లేదు. వారం తర్వాత కార్పొరేషన్ చెత్తబండి వస్తే, డబ్బాను తానే తీసుకెళ్లి అందులో వేసింది. ఆఫీసు నుంచి వచ్చిన కార్తీక మంచం కింద వెతికి, ఏదని అడిగింది.

"ఈడ లేదులే" అని కమలాంబ గోడవైపు తిరిగి పడుకుంది.